గాలి లెక్క

సండర్లాండ్‌లో, ఆసుపత్రి వెనక రెండో అంతస్తులో
ఒక గది ఉంది, ఊపిరికి పద్దు రాసే గది.
మంచం, కుర్చీ, కదలని సైకిలు,
సముద్రం కనపడని కిటికీ.
తలుపు వేస్తే
వాసెన కట్టిన జాడీలా బిగుసుకుపోతుంది.

లోపల లొరైన్ థర్ల్‌వెల్.
ఇరవై ఆరేళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పిన చెయ్యి.
నూట పద్నాలుగు కిలోలు.
నేను తూచకముందే తనే చెప్పేసింది,
అడగకముందే అప్పు ఒప్పుకునే మనిషిలా.

అద్దానికి ఇవతల రాత్రి కాపలా నాది.
తెర మీద రెండు గీతలు:
లోపలికెళ్ళే ప్రాణవాయువు,
బయటికొచ్చే బొగ్గుపులుసు వాయువు.
(ఆ పులుసులో ఏ ముక్కలు వేస్తారని అడిగి
ఏడో తరగతిలో బెంచీ ఎక్కాను.)

"మంచినీళ్ళు తాగినా ఒళ్ళొచ్చేది, పెట్," అంది మైకులో.
పెట్ అంటే ఇక్కడివాళ్ళ అమ్మలూ.
మా సుభద్ర పెద్దమ్మా అదే మాట అనేది.
నవ్వేవాళ్ళం.
పెళ్ళిళ్ళలో ఆవిడ రెండోసారి వడ్డించుకోగా
ఎవరూ చూడలేదు.
అందరి చెయ్యీ కడిగాక
వంటింట్లో నిలబడి తినేది.

తూచిన భోజనం గోడ గూట్లోంచి పంపాను.
సగం తిని పళ్ళెం తోసేసింది.
వారానికో సూది, ఇప్పటికి అయిదు నెలలు.
"తల్లో ఒక రేడియో ఉండేది, పెట్.
బిస్కట్టు డబ్బా ఎక్కడుందో,
ఫ్రిజ్‌లో మిగిలిందెంతో, రోజంతా వార్తలు.
అందరి తలల్లోనూ మోగుతుందనుకున్నా.
మిగతావాళ్ళు గట్టివాళ్ళు,
నేనే సిగ్గులేనిదాన్ననుకున్నా.
మూడో సూదికి ఠక్కున ఆగిపోయింది.
మరి ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు
ఎవరికి తిరిగివ్వను?"

నా దగ్గర ఉన్న ఫారాల్లో
ఆ ప్రశ్నకు గడి లేదు.

కాసేపాగి తనే అంది:
ఆదివారం అమ్మ చేసినట్టే బఠాణీ ముద్ద చేసిందట,
(చూడ్డానికి అచ్చం మన ముద్దపప్పే)
అది పిలవలేదట.
"హాయిగానే ఉంది. కొంచెం బెంగగా కూడా.
పోట్లాడే మొగుడు ఊరెళ్ళినట్టు."

మూడు గంటలకు నిద్రపోయింది.
గీత దిగింది, మేం లెక్కగట్టిన చోటుకన్నా కిందికి.
తగ్గిన ఒళ్ళు అంతే,
కరువొచ్చిందనుకుని పిసినారి అవుతుంది.
పాత బరువును మర్చిపోదు,
తలుపు తీసి ఉంచి ఎదురుచూస్తుంది.

కొవ్వు కరిగి చెమటై పోతుందనుకునేదాన్ని.
ఎక్కువ భాగం ఊపిరై పోతుంది.
పిల్లలు వదిలేసిన కస్టర్డు,
నిలబడి మింగిన ముద్దలు,
ఎవరికీ చెప్పని రాత్రి పూట చాక్లెట్లు,
గురక పెడుతూ ఒక్కొక్కటే
గాలికి అప్పజెబుతోంది.

నా సంగతి కూడా చెప్పాలి.
పోయిన నెల కొత్త స్కానర్ సరిచూడ్డానికి
ఎవరో ఒకరు పడుకోవాలంటే నేను పడుకున్నాను.
యాభై రెండు కిలోలు.
గాలికి ఎగిరిపోతావనే మాట విని విని పెరిగినదాన్ని.
డాక్టర్ తెర వైపు చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
నా కాలేయం వెన్న రాసినట్టు మెరుస్తోంది.
లోపల కూడబెట్టాను,
బయట ఎవరికీ కనపడకుండా.
నన్ను ఎవరూ ఎప్పుడూ
"కొంచెం తగ్గించుకో" అనలేదు.
ఆ పుణ్యం ఎవరిదో,
ఆ పాపం ఎవరు మోశారో.

ఏడింటికి తలుపు తెరిచాను.
జడ సవరించుకుంటూ బయటికొచ్చింది.
"ఎంత వదిలాను?"
అంకె చెప్పాను. ఆవిడకది నచ్చలేదు, నవ్వింది.
తర్వాత నా మొహం పట్టి చూసి,
మూడొందల మంది పిల్లల్ని వరసలో చూసిన కళ్ళతో,
"నువ్వెప్పుడు తిన్నావు, పెట్?"

లిఫ్టు మూసుకున్నాక
దుప్పటి తియ్యడానికి గదిలోకెళ్ళాను.
ఇంకా ఆమె గాలే, వెచ్చగా.
తలుపు దానంతటదే మూసుకుంది.
అద్దంలోంచి చూస్తే, ఆపడం మరిచిన తెర మీద
గీత కొద్దిగా లేచింది.

అది నాది.